గట్టి మొరం

సైటు రిజిస్టరులో మట్టి రకం అన్న గడిలో మూడు రోజులు వరుసగా ‘గట్టి మొరం’ అని రాసింది నేనే. కింద సంతకం కూడా నాదే. ఝాన్సీ, సైటు సూపర్‌వైజర్. ఈ సంగతిలో నాకు కోపం రాని మనిషి ఒక్కరూ లేరు. అందుకే ముందు నా తప్పు చెప్పేసుకుని, తర్వాత మిగతావాళ్ల జోలికి వెళ్తాను.

శామీర్‌పేట దాటి కరీంనగర్ రోడ్డు మీద కొంత దూరం పోయి లోపలికి తిరిగితే గోపాలరావు గారి లేఅవుట్ వస్తుంది. గేటు పక్కన ఇనుప చట్రాలకు బిగించిన రేకు బోర్డులు నాలుగున్నాయి. ఒక్కొక్కటి ఇంటి గోడంత. ‘క్లియర్ టైటిల్, వెంటనే ఇల్లు కట్టుకోవచ్చు’ అని వాటిమీద రాసి ఉంటుంది. నూటపది ప్లాట్లలో ఇప్పటికి లేచిన ఇళ్లు ఏడు. వాన పడితే చాలు, ఆ ఏడిళ్ల సంపుల్లోకి మురుగు ఎగదన్నుతోంది. ఇళ్లవాళ్లు గేటు ముందు కూర్చుని గొడవ చేస్తే, పెద్ద డ్రైనేజీ పైపు వేయిస్తానని గోపాలరావు ఒప్పుకున్నాడు. ఆ పని మా ఎడ్వర్డ్ అన్నకు వచ్చింది.

ఎడ్వర్డ్ అన్నకు దూలపల్లిలో షెడ్డు, రెండు ట్రాక్టర్లు ఉన్నాయి. పైపు పనిలో ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. నాగారంలో మా చర్చికే వస్తాడు, ముందు వరుసలో కూర్చుంటాడు. సివిల్ డిప్లొమా చేసి రెండేళ్లు ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచి పనిలో పెట్టుకున్నది ఆయనే. ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత మంట ఉండేది కాదు.

తవ్వాల్సింది పది అడుగుల లోతు. నేల మొరంలాగా కంకరతో గట్టిదైతే ట్రెంచి గోడ కొంతసేపు తనంతట తాను నిలబడుతుంది. పోసిన మట్టి అట్లా నిలబడదు. దానికి రెండు వైపులా పలకలు ఆనించి, మధ్యలో అడ్డంగా ఇనుప జాకీలు బిగించి, అప్పుడు గాని లోపలికి మనిషిని దించకూడదు. ఇదేం పెద్ద చదువు కాదు, ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలిసిందే.

మొదటిరోజు జేసీబీ రెండో బకెట్ ఎత్తగానే నాకు అనుమానం వచ్చింది. పైన అడుగు మందం ఎర్రమట్టి. దాని కింద ఇటుక ముక్కలు, పగిలిన టైల్స్, సిమెంటు సంచులు, ప్లాస్టిక్ కవర్లు. ఎక్కడెక్కడి ఇళ్లు కూలగొట్టి తెచ్చి పోశారో తెలియదు. ఆరడుగుల కింద అదీ అయిపోయి నల్లటి ఒండ్రు బయటపడింది. చేతిలోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారింది. అందులో గోరంత నత్తగుల్లలు ఉన్నాయి.

తవ్వే చోటికి పది అడుగుల దూరంలో ఎండిన పూలు కుప్పగా పడి ఉన్నాయి. తంగేడు, గునుగు, బంతి. బతుకమ్మ పండుగ అయిపోయి పదిహేను రోజులైంది. ఊరికి ఇంత దూరంగా, ఖాళీ ప్లాట్ల మధ్య బతుకమ్మలేంటి?

తట్టలు మోసే శోభారాణిని అడిగాను. ఆమెది ఆ ఊరే.

“ఏటా గాడనే ఏస్తం మేడం. మా అత్త, మా అత్తోళ్ల అత్త, అందరు గాడనే ఏసిండ్రు. ఇప్పుడు నీళ్లు లేవు గద, గోపాలరావు సారు ట్యాంకర్ దెప్పిచ్చి టబ్బుల నీళ్లు నింపిపిస్తడు. టబ్బుల ఏసి మొక్కి పోతం.”

“అంటే ముందు నీళ్లుండెనా?”

అప్పటిదాకా నవ్వుతూ చెప్పిన మనిషి ఒక్కసారిగా నోరు మూసుకుంది. తట్ట నెత్తిన పెట్టుకుని, ట్రెంచి దగ్గర పైపు సరిచూస్తున్న ఆమె మామ బాలనర్సయ్య వైపు చూసింది. ఆయనకు అరవై దాటాయి. పైపు జాయింట్లు బిగించడంలో ఆయన చేతికి తిరుగులేదని ఎడ్వర్డ్ అన్న ఏరికోరి పెట్టుకున్నాడు.

“తాతా, గీడ కుంట ఉండెనా?” అని అడిగాను.

“కుంట లేదు, ఏం లేదు బిడ్డా,” అన్నాడు తల ఎత్తకుండానే. “పడావు భూమి. మొరం భూమి.”

ఆయన అరచేతి నిండా నల్ల ఒండ్రు ఉంది. ఆ చేత్తోనే ముఖం తుడుచుకుంటూ మొరం అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పనాపించి ఎడ్వర్డ్ అన్నకు ఫోన్ చేశాను. ఆయన వెనకాముందు ఆడలేదు. గంటన్నరలో ట్రాక్టర్ నిండా పలకలు, జాకీలు పంపించాడు. పలకలు లేక ఇదంతా జరిగిందని ఎవరైనా అంటే వాళ్ల ముఖం మీదే చెప్తాను. పలకలు వచ్చాయి. ట్రెంచి నుంచి నలభై అడుగుల దూరంలో ట్రాక్టర్ ఆగింది.

ట్రాక్టర్ వెనకే గోపాలరావు కారు కూడా వచ్చింది. ఆయన అరిచే మనిషి కాదు. ఊళ్లో మూడు తరాల పెద్దరికం ఉన్నవాళ్లు అరవాల్సిన అవసరం పడదు. కుర్చీ వేయించి, నాకు కూడా చాయ్ తెప్పించి, తీరిగ్గా మాట్లాడాడు.

“అమ్మా ఝాన్సీ, పలకలు దించకు. కొననీకి వచ్చేటోళ్లు రోజూ వస్తనే ఉన్నరు. పలకలు జూస్తే ఏమడుగుతరు? గీ మట్టి కూలుతదా అంటరు. కూలుతది అంటే పోసిన మట్టి. పోసిన మట్టి అంటే కింద ఏముండె అంటరు. గా మాట ఒక్కసారి కాగితం మీదికెక్కితే ఇగ నా చేతుల ఉండదు. శిఖం భూమి అని బోర్డు వెడ్తరు. గా ఏడిండ్లోళ్లు యాడికి పోవాలె?”

చెరువు, కుంట నిండితే నీళ్లు పరుచుకునే భూమిని శిఖం అంటారు. అక్కడ ప్లాట్లు చేయకూడదు, అమ్మకూడదు, కట్టకూడదు.

“అంటే కుంట ఉన్నట్టే కదా సార్,” అన్నాను.

“నేనన్ననా? నువ్వంటున్నవ్.” నవ్వాడు. “బాలనర్సయ్యనే అడుగు. వాళ్ల నాయిన ఊరి నీరటి. కుంట ఉంటే దాని తూము తీసి పొలాలకు నీళ్లిడిసే పని వాళ్లదే. గాయనకంటే ఎక్కువ ఎవలకు తెలుస్తది? ఏం బాలనర్సయ్యా?”

“లేదు దొరా,” అన్నాడు బాలనర్సయ్య ట్రెంచి గట్టు మీంచే.

“జూసినవా? గాయనకు కూడ నూరు గజాలిచ్చిన. ముప్పై ఆరో నంబరు. మనవరాలు అశ్రిత పేరు మీద రాపిచ్చుకున్నడు. కుంటల ఎవలన్న ప్లాటు తీసుకుంటరా?”

చాయ్ గ్లాసు అక్కడే పెట్టేసి లేచాను. ఆ సాయంత్రం ఎడ్వర్డ్ అన్న ఫోన్ చేశాడు. “గాయన గిట్ల పట్టుబట్టితే నేనేం జేయాలె చెల్లె? గోడ కొంచెం వాలుగ కొట్టిపియ్యి. నిచ్చెన పెట్టు. మొరం అని రాయి. మూడు రోజుల పని, అయిపోతది,” అన్నాడు. ట్రాక్టర్ పలకలతో సహా దూలపల్లికి తిరిగి వెళ్లిపోయింది.

నేను రాశాను. అది రాయడానికి నాకు ఏ బెదిరింపూ అవసరం కాలేదు. ఉద్యోగం పోతే మళ్లీ రెండేళ్లు ఇంట్లో కూర్చోవాలన్న భయం చాలింది. గోడ వాలుగా కొట్టమంటే జేసీబీ డ్రైవర్ పైపైన రెండడుగులు గీశాడు. అంతకంటే వెడల్పు తవ్వితే పక్క రోడ్డు పోతుందని గోపాలరావు మనిషి అడ్డుపడ్డాడు. నేను నిచ్చెన పెట్టించి, తవ్విన మట్టిని గట్టుకు దూరంగా పోయించి, ఏదో పుణ్యం చేసినట్టు ఇంటికి వెళ్లాను. ఆ రెండు రాత్రులూ నిద్ర బాగానే పట్టింది. ఇప్పుడు అది తలుచుకుంటే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

రెండో రోజు మధ్యాహ్నం అందరూ సద్దులు విప్పుకున్నప్పుడు బాలనర్సయ్య పక్కన కూర్చున్నాను. “తాతా, నిజం చెప్పు. దిగేది నువ్వు. మీద పడితే నీ మీదనే పడ్తది,” అన్నాను.

ఆయన అన్నం ముద్ద కలుపుతూ, “నాకు తెల్వదా బిడ్డా,” అన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నాకు ఆయన మీద కూడా విపరీతమైన కోపం వచ్చింది. మనిషికి తన ప్రాణం మీద ఆ మాత్రం పట్టింపు ఉండదా అనుకున్నాను. అట్లా అనుకున్నది చాయ్ తాగి సంతకం పెట్టిన మనిషి.

ఆ సాయంత్రం గంటసేపు వాన పడింది. మూడో రోజు పొద్దున నేను సైటుకు వచ్చేసరికే బాలనర్సయ్య లోపల ఉన్నాడు. పైపు చివర రబ్బరు రింగు గుడ్డతో తుడుస్తున్నాడు. నేను రిజిస్టరు చంకలో పెట్టుకుని, ఆ రోజు గడిలో కూడా గట్టి మొరం అని రాసేసి, గట్టు వెంట నడుస్తున్నాను. అంచుకు రెండడుగుల ఇవతల, అంచు వెంటే, పది పదిహేను అడుగుల పొడవున నేల బీటువారి ఉంది. అందులో నా చిటికెన వేలు పట్టింది.

“తాతా, పైకి రా! జల్దీ రా!”

“వస్తున్న బిడ్డా. గీ జాయింటొక్కటి.”

“జాయింటు ఏమన్న గానీ, రా!”

గోడ పైనుంచి పడుతుందనుకుంటారు చూడనివాళ్లు. అట్లా పడలేదు. కింద నల్ల ఒండ్రు ఉన్నచోట గోడ ముందు పొట్ట ఉబ్బినట్టు ముందుకొచ్చింది. ఆ తర్వాత పైనున్నదంతా కూర్చుంది. పెద్ద చప్పుడేం కాలేదు. దుమ్ము తగ్గాక చూస్తే బాలనర్సయ్య చంకల దాకా మట్టిలో ఉన్నాడు. ఒక చెయ్యి బయట ఉంది, చేతిలో ఆ గుడ్డ ఉంది.

శోభారాణి “మామా!” అని అరుస్తూ నిచ్చెన వైపు పరుగెత్తింది. నేను ఆమె నడుం పట్టుకుని ఆపాను. ఎదుటి గోడ ఇంకా నిలబడే ఉంది, అది కూడా అదే మట్టి. జేసీబీతో తీయడానికి లేదు, బండి బరువుకే గట్టు దిగుతుంది. ఫోన్ చేశాను. అగ్నిమాపక వాళ్లు వచ్చేదాకా గట్టు మీద బోర్లా పడుకుని ఆయనతో మాట్లాడుతూ ఉన్నాను. మట్టిలో ఛాతీ దాకా ఇరుక్కున్న మనిషి ఊపిరి వదిలిన ప్రతిసారీ మట్టి ఇంకొంచెం బిగుస్తుంది. అందుకే ఆయన చిన్నచిన్నగా, కుక్కపిల్ల రొప్పినట్టు ఊపిరి తీస్తున్నాడు.

అగ్నిమాపక వాళ్లు వచ్చారు. వాళ్ల వెనకే గోపాలరావు వచ్చాడు. కాసేపటికి ఎడ్వర్డ్ అన్న కూడా వచ్చాడు. ఆఫీసరు చిన్నవాడే, ముప్పై ఉంటాయి. ఇద్దరు మనుషులు నడుములకు తాళ్లు కట్టుకుని దిగడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయన నేరుగా అడిగాడు.

“ఏం మట్టి ఇది? గట్టిదైతే మావాళ్లు ఇప్పుడే దిగి తోడేస్తారు. పోసిందైతే ముందు అవతలి గోడకు ఆపు పెట్టాలి. లేకపోతే ముగ్గురూ పోతారు. ఎవరైనా చెప్పండి.”

నేను నోరు తెరిచేలోపే కింద నుంచి బాలనర్సయ్య గొంతు వచ్చింది. ఆయన కళ్లు ఆఫీసరు వైపు లేవు. గట్టు మీద నిలబడ్డ గోపాలరావు వైపు ఉన్నాయి.

“గట్టి మొరం సారూ,” అన్నాడు ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ. “కుంట లేదు. ఏం లేదు.”

కుంట సంగతి ఆఫీసరు అడగనే లేదు.

“అబద్ధం సార్!” అని అరిచాను. “గిది కుంట. పూడ్చిండ్రు. కింద అంతా ఒండ్రు మట్టి. అవతలి గోడ కూడ వస్తది!”

“కొత్త పిల్ల సార్, పరేషాన్ల ఏదో అంటాంది,” అన్నాడు గోపాలరావు. ఆయన గొంతు అప్పుడు కూడా పెరగలేదు. “గామె రాసిన రిజిస్టరే ఉంది, సూడుండ్రి.”

గట్టు మీద పడి ఉన్న నా రిజిస్టరు ఆఫీసరు చేతికి వెళ్లింది. ఆయన మూడు పేజీలు తిప్పాడు. గట్టి మొరం. గట్టి మొరం. గట్టి మొరం. తలెత్తి నా ముఖం చూశాడు.

“ఇది మీ సంతకమేనా?”

“నాదే సార్. అబద్ధం రాసిన.”

“అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా? ఎట్లా నమ్మాలి నేను?”

ఆయన తాడు కట్టుకున్న మనిషి వైపు తిరిగి చెయ్యి ఎత్తబోయాడు. నా మూడు పేజీలు ఇంకో ఇద్దర్ని లోపలికి దింపబోతున్నాయి. అప్పుడు శోభారాణి ముందుకొచ్చింది. ఎండిన బతుకమ్మ పూలను రెండు చేతులా ఎత్తి తెచ్చి ఆఫీసరు కాళ్ల ముందు పోసింది.

“జిల్లేడుకుంట సారూ గిది! ఊరందరికి తెలుసు. నా పెండ్లైన ఏడాది నేను నడుం లోతు నీళ్లల్లకు దిగి బతుకమ్మనేసిన. గా బోరు కాడ మెట్లుండె. తూము గా రోడ్డు కింద ఉన్నది. మా మామనే తూము తీస్తుండె.” ఆమె గోపాలరావు వైపు తిరిగింది. “నీ ప్లాటు నువ్వే తీస్కో పో! మాకు మనిషి గావాలె!”

“అవు సారూ, కుంటనే,” అంది వెనకనుంచి ఇంకో ఆమె. ఆ తర్వాత మరొకామె. బండ్లాపుకుని చూస్తున్న ఊరివాళ్లు కూడా అన్నారు. ఇన్నాళ్లు ఈ నోళ్లన్నీ ఏమైపోయాయి? ఒక్కరంటే ఒక్కరు రెండు రోజుల ముందు ఈ మాట గట్టిగా అని ఉంటే!

“పలకలున్నాయా?” అని అడిగాడు ఆఫీసరు.

“దూలపల్లిల ఉన్నయి,” అన్నాడు ఎడ్వర్డ్ అన్న నేల చూస్తూ. పొద్దుటి ట్రాఫిక్‌లో అక్కడినుంచి రావడానికి గంటకు తక్కువ పట్టదు.

నేను గేటు వైపు చూశాను. ఇనుప చట్రాలకు బిగించిన నాలుగు రేకు బోర్డులు. డ్రైవర్‌కు చెప్పాల్సిన పని కూడా లేకపోయింది, జేసీబీ తిప్పాడు. గొలుసు వేసి లాగితే మొదటి బోర్డు సిమెంటు దిమ్మెతో సహా ఊడొచ్చింది. “ఏయ్, ఏయ్,” అంటూ గోపాలరావు అప్పుడు మొదటిసారి గొంతు పెంచాడు. ఎవరూ వినలేదు. ఎడ్వర్డ్ అన్న తెల్ల చొక్కాతోనే కింద కూర్చుని బోల్టులు విప్పాడు. విప్పుతూ ఏడ్చాడు. ఆ ఏడుపు చూసినా నాకు జాలి కలగలేదు.

క్లియర్ టైటిల్ అని రాసిన బోర్డును నిలువునా లోపలికి దించి ఎదుటి గోడకు ఆనించారు. రెండోది పక్కన పెట్టారు. విరిగిన చట్రాల పైపులను అడ్డంగా బిగించారు. అప్పుడు మనుషులు దిగారు. పదినిమిషాలు కూడా కాలేదు, ఎదుటి గోడ కదిలి బోర్డుల మీద వాలింది. రేకు సొట్టపోయింది, ఇనుము కిర్రుమంది. కానీ నిలిచింది. ఆఫీసరు నా వైపు ఒక్కసారి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు. చేతులతో, చిన్న పారలతో, బకెట్లతో రెండున్నర గంటలు తోడారు. బాలనర్సయ్యను స్ట్రెచర్ మీద పైకి లాగేటప్పటికి తుంటి ఎముక విరిగి, ఒక కాలు వేలాడుతోంది. ప్రాణం మాత్రం ఉంది.

ఆ వారం లేఅవుట్‌కు అధికారులు వచ్చారు. కొలతలు వేసి, హద్దు రాళ్లు పాతి, శిఖం భూమి అని బోర్డు పెట్టారు. అమ్మకాలన్నీ ఆగిపోయాయి. ముప్పై ఆరో నంబరు ఆ రాళ్లకు లోపలే ఉంది. నేను రాసిచ్చిన వాంగ్మూలంలో నా మూడు అబద్ధాలూ తేదీలతో సహా రాశాను. ఎడ్వర్డ్ అన్న పేరు రాశాను, గోపాలరావు పేరు రాశాను. ఉద్యోగం పోయింది.

తొమ్మిదో రోజు ఆసుపత్రికి వెళ్లాను. బాలనర్సయ్య మంచం మీద తల గోడ వైపు తిప్పుకుని పడుకుని ఉన్నాడు. కాలికి బరువు కట్టారు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నా ఇటు తిరగలేదు.

“ప్లాటు పాయె గద బిడ్డా,” అన్నాడు గోడతోనే.

ఇన్నిరోజులూ దాచుకున్నదంతా ఒక్కసారి నా నోటికి వచ్చింది. “ఏం ప్లాటు తాతా! నీళ్లల్ల ప్లాటు! గాయన నిన్ను నోరు మూయించనీకి ఇచ్చిండు! సంకల కాడికి మట్టి వచ్చినా మొరం అంటివి. నేను అరువకపోతే ఏమైతుండెనో తెలుసా నీకు? సస్తుంటివి!”

అప్పుడు ఆయన మెల్లగా తల తిప్పి నా వైపు చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. చిన్నపిల్లకు లెక్క అర్థం కాకపోతే చెప్పినట్టు చెప్పాడు.

“నేను సస్తుంటి బిడ్డా. ప్లాటు ఉంటుండె.”

మనవరాలు అశ్రిత చాయ్ ఫ్లాస్కు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరమూ చూడలేదు. ఆ అమ్మాయి లోపలికి వచ్చి, ఫ్లాస్కు కింద పెట్టి, తాత కప్పుకున్న దుప్పటి సరిచేసింది. తర్వాత బయటికి వెళ్లిపోయింది.